గీతలు పడ్డ డిస్కుకి రిపేరు పరికరం కొనవచ్చా?

పాత సీడీలు, డీవీడీల గురించి వచ్చిన ప్రశ్నల్ని ఈసారి ఒకచోట చేర్చాం. ఆన్‌లైన్‌లో అమ్ముతున్న డిస్క్ రిపేర్ పరికరాల మీద డబ్బు పెట్టవచ్చా అన్నదే వాటిలో ఎక్కువమంది సందేహం.

ప్రశ్న: 2009లో జరిగిన మా పెళ్ళి వీడియో రెండు డీవీడీల్లో ఉంది. వేరే కాపీ లేదు. మొదటి డిస్కు సరిగ్గా తలంబ్రాల దగ్గర బొమ్మ గళ్ళుగళ్ళుగా చెదిరి ఆగిపోతోంది. చేత్తో తిప్పే రిపేరు పరికరం ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను. కొనమంటారా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: ఈ ఒక్క డిస్కు కోసమైతే వద్దండి. వేరే కాపీ లేని డిస్కు విషయంలో మొదట చేయాల్సింది పాలిష్ కాదు. ఇప్పుడు చదవగలిగినంత భాగాన్ని కంప్యూటర్‌లోకి దించుకోవాలి. పాలిష్ చేసేటప్పుడు చెయ్యి కుదరకపోతే, ఇవాళ బాగానే ఆడుతున్న భాగం కూడా పోతుంది.

ముందు డిస్కును కడగండి. గీత అనుకున్నది చాలాసార్లు వేలిముద్రల జిడ్డే అయి ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, వేళ్ళతో మెల్లగా రుద్ది, మంచినీళ్ళతో కడిగి, మెత్తటి నూలుబట్టతో తడి అద్దండి. తుడవాల్సి వస్తే మధ్య రంధ్రం నుంచి అంచు వైపు నేరుగా తుడవాలి, గుండ్రంగా కాదు. డిస్కులో డేటా లోపలి నుంచి బయటికి చుట్టలు తిరుగుతూ సాగుతుంది. దానికి అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టునీ ఒక్కచోట మాత్రమే కోస్తుంది. చుట్టు వెంబడి పడిన గీత మాత్రం వరసగా డేటాను మింగుతూ పోతుంది. ట్రాక్ (ఆ డేటా చుట్టు) వెంట సీడీలో సుమారు 2.5 మి.మీ., డీవీడీలో సుమారు 6 మి.మీ. మేర వరసగా పోయినా, ప్లేయర్ మిగతా డేటా ఆధారంగా లెక్కకట్టి దాన్ని రాబట్టుకుంటుంది. అంతకు మించితే మీరు చూస్తున్న గళ్ళు మొదలవుతాయి.

కడిగిన డిస్కును టీవీ ప్లేయర్‌లో కాకుండా కంప్యూటర్ డీవీడీ రైటర్‌లో పెట్టి చూడండి. ఒక డ్రైవ్ చదవలేని చోటును ఇంకొకటి చదవడం మామూలే, కాబట్టి బంధువుల ఇళ్ళలో పాత డెస్క్‌టాప్ ఉంటే అదీ ప్రయత్నించండి. లినక్స్‌లో ఉచితంగా దొరికే డీడీరెస్క్యూ (ddrescue) ఈ పనికి సరైన ప్రోగ్రామ్. సెక్టార్ (డిస్కు మీద డేటా ఉండే ఒక్కో చిన్న ముక్క) సైజు 2048 బైట్లుగా పెట్టి, మొదటి విడతలో చెడ్డ సెక్టార్ల దగ్గర పట్టుపట్టకుండా దాటిపొమ్మని చెప్పండి. రెండో విడతలో వాటిని మూడేసి సార్లు చదవమనండి. ఏ సెక్టార్లు వచ్చాయో, ఏవి రాలేదో అది ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. ఆ ఫైలు చెరిపేయవద్దు. వేరే డ్రైవ్‌లో పెట్టినా, పాలిష్ చేసి మళ్ళీ పెట్టినా, అదే మ్యాప్ ఫైలు ఇస్తే మిగిలిపోయిన సెక్టార్లను మాత్రమే చదివి, ముందు వచ్చినవాటికి జతచేస్తుంది. ఈ ఒక్క సౌకర్యం వల్లనే, దించుకున్న తర్వాత పాలిష్ చేస్తే పోయేదేమీ ఉండదు.

ఇంకా రాని భాగం ఉంటే అప్పుడు గీత వెతకండి. డేటా మధ్య నుంచి అంచుకు నిండుతుంది కాబట్టి ఆగిన చోటును బట్టి గీత ఎక్కడుందో తెలుస్తుంది. 4.7 జీబీ డిస్కు నిండా రాసి ఉండి సగం దగ్గర ఆగుతుంటే, లోపం డిస్కు కేంద్రం నుంచి దాదాపు 44 మి.మీ. దూరంలో, అంటే బయటి అంచుకు 16 మి.మీ. లోపల ఉంటుంది. చివర్లో ఆగితే అంచు దగ్గరే. ఆ వలయంలో గీత ఏదీ కనిపించకపోతే ఏ పరికరమూ పనికిరాదు. స్టూడియోలు రాసి ఇచ్చే డీవీడీల్లో రంగు పొర ఉంటుంది. ఎండా వేడీ తగిలి అది పాడైతే పైన ఎంత పాలిష్ చేసినా ఫలితం ఉండదు. పెళ్ళి డిస్కుల మీద వధూవరుల ఫొటోతో కాగితం స్టిక్కర్ అతికించి ఉంటే అదొక సమస్య. అది బరువు సమంగా లేక, వంపు తిరిగి, వేగంగా తిరిగేటప్పుడు డిస్కును ఊపుతుంది. దాన్ని పీకవద్దు, కింద పొర కూడా లేచి రావచ్చు. డ్రైవ్ వేగం బాగా తగ్గించి చదివించండి.

గీత కనిపిస్తే దాని మీద గోరు అడ్డంగా పోనివ్వండి. గోరుకు తగలకపోతే చేత్తో చేసే పాలిష్‌కే లొంగుతుంది. డీవీడీలో డేటా పొర ఉపరితలానికి 0.6 మి.మీ. లోపల ఉంటుంది. లేజర్ కిరణం అక్కడ చుక్కలా కలిసినా, ఉపరితలం దగ్గర దాదాపు అర మిల్లీమీటరు వెడల్పు ఉంటుంది. సన్నగీతలు ఎన్ని ఉన్నా చాలా డిస్కులు ఆడటానికి కారణం ఇదే. ఇబ్బందల్లా గీత అంచుల దగ్గర వెలుతురు పక్కకు చెదరడంతోనే. పాలిష్ ఆ అంచుల్ని నున్నగా చేస్తే చాలు, గీత కంటికి పూర్తిగా మాయం కానక్కర్లేదు.

చేసే పద్ధతి చెబుతాం. బల్ల మీద మడతపెట్టిన శుభ్రమైన బట్ట పరిచి, లేబుల్ కిందికి వచ్చేలా డిస్కును దాని మీద ఆనించండి. చేతిలో పట్టుకుని రుద్దితే వంగి పగులుతుంది. ప్లాస్టిక్ పాలిష్ గానీ, కార్లకు వాడే మెత్తరకం రబ్బింగ్ కాంపౌండ్ గానీ శనగగింజంత తీసుకుని, పాత బనియను గుడ్డతో గీత మీదా దాని చుట్టూ రెండు వేళ్ళ వెడల్పు మేరా మధ్య నుంచి అంచుకు రెండు మూడు నిమిషాలు రుద్దండి. గీత ఉన్న చోట మాత్రమే రుద్దితే అక్కడ గుంట పడి, కిరణం దారి తప్పుతుంది. కడిగి, ఆరబెట్టి, మళ్ళీ చదివించి చూడండి. మూడు విడతలకీ మార్పు లేకపోతే ఆపేయండి. గోరు తగిలేంత లోతైన గీతకు ముందు 2000, తర్వాత 3000 నంబరు వాటర్ పేపర్ నీళ్ళతో తడుపుతూ పట్టి, ఆపైన కాంపౌండ్ వేయాలి. డీవీడీలో తీయగలిగేది మిల్లీమీటరులో నూరోవంతుల లెక్కే కాబట్టి ఎంతో లోతు గీత అయితే దాన్ని వదిలేయడం మంచిది.

ఇక మీరు చూసిన పరికరం. పిడి తిప్పితే గరుకు ప్యాడ్ ఉన్న చిన్న చక్రం డిస్కు మీద తిరుగుతుంది, డిస్కు నెమ్మదిగా జరుగుతుంది. అస్తవ్యస్తంగా ఉన్న గీతల స్థానంలో మధ్య నుంచి అంచుకు సన్నటి గీతల వరస వస్తుంది. పని అయ్యాక డిస్కు మసకగా, ఇంద్రధనుస్సు రంగులతో కనిపిస్తే భయపడనక్కర్లేదు, అది దాని పద్ధతే. తేలిక గీతలకు నిజంగానే పనిచేస్తుంది. పాడయ్యేది ఎక్కడంటే, ద్రవం సరిగా చల్లక ప్యాడ్ ఎండినప్పుడు, దుమ్ము రేణువు చక్రానికి అంటుకున్నప్పుడు, అరిగిన ప్యాడ్‌నే నొక్కి తిప్పినప్పుడు. విడి ప్యాడ్లు దొరకని పరికరం అయితే కొనకండి. బ్రష్షులు అంటించిన డిస్కు, ఒక సీసా ద్రవం ఉన్న కిట్లను కూడా రిపేరు కిట్లని అమ్ముతున్నారు. వాటిలో మొదటిది ప్లేయర్ లెన్స్ తుడవడానికి, రెండోది మురికి పోగొట్టడానికి. గీత మీద రెండూ పనిచేయవు.

ప్రశ్న: టూత్‌పేస్టు, బ్రాసో, అరటి తొక్క, ఫ్రిజ్‌లో పెట్టడం... వీటిలో ఏది నిజం? (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: టూత్‌పేస్టులో రాపిడి పొడి ఉంటుంది కాబట్టి వెంట్రుక గీతలకు కొంత పనికొస్తుంది. పళ్ళు తెల్లబరిచేవని అమ్మే రకాల్లో ఆ పొడి గరుకుగా ఉండి కొత్త గీతలు పెడుతుంది. బ్రాసో లోహానికి చేసినది. రుద్దుతుంది, నిజమే, కానీ అందులోని అమ్మోనియా, సాల్వెంట్ డిస్కు ప్లాస్టిక్‌కు మంచివి కావు. కారు కాంపౌండ్ దొరికే ఊళ్ళో దాని అవసరమే లేదు. థిన్నర్, పెట్రోలు, నెయిల్‌పాలిష్ రిమూవర్ మాత్రం ముట్టుకోకండి. డిస్కు ప్లాస్టిక్ అయిన పాలికార్బొనేట్ తెల్లగా పొగచూరి, సన్నటి పగుళ్ళు తీస్తుంది, ఇక తిరిగి రాదు. అరటి తొక్కకు, ఫ్రిజ్‌కు ఆధారం లేదు.

వాజలిన్ చిట్కా మాత్రం ఒక్కసారి కాపీ చేసుకోవడానికి పనికొస్తుంది. అది గీతలో నిండి వెలుతురు చెదరకుండా ఆపుతుంది. అద్దినట్టు కనిపించనంత పలచగా తుడిచేయాలి, లేకపోతే తిరుగుతున్నప్పుడు చిమ్మి లెన్స్ మీద పడుతుంది. కాపీ అయ్యాక సబ్బుతో కడిగేయండి.

ప్రశ్న: మా గ్రంథాలయంలో మూడు వందల దాకా ఆడియో సీడీలున్నాయి. మోటారుతో నడిచే పెద్ద మెషిన్ కొనాలనుకుంటున్నాం. (గ్రంథాలయ నిర్వాహకులు, వరంగల్)

జవాబు: మూడు వందల్లో నిజంగా ఆగుతున్నవి ఎన్నో ముందు తేల్చండి. కంప్యూటర్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో సెక్యూర్ పద్ధతిలో ఒక్కొక్కటీ కాపీ చేస్తే, తప్పులు లేకుండా వచ్చినవేవో, రానివేవో అదే చెబుతుంది. పైగా మీ సంగ్రహమంతా డిజిటల్‌గా కూడా భద్రమవుతుంది. విఫలమైన సీడీల్ని పైకెత్తి ట్యూబ్‌లైట్‌కు అడ్డంగా పెట్టి చూడండి. సూది బెజ్జాల్లా వెలుతురు కనిపించినవి పక్కన పెట్టేయండి. సీడీలో డేటా ఉన్న అల్యూమినియం పొర లేబుల్ కిందనే ఉంటుంది, దాని మీద మైక్రాన్లలో కొలిచే లక్క పూత మాత్రమే రక్షణ. లేబుల్ వైపు పెన్నుతో గీసినా ఆ పొర లేచిపోతుంది. మెషిన్‌లో పెడితే రేకులు ఊడి ప్యాడ్‌ను కూడా పాడుచేస్తాయి.

ఆ తర్వాత మిగిలిన సంఖ్యతో మెషిన్ ధర, ప్యాడ్లు, ద్రవాలు కలిపి భాగించండి. ఇరవయ్యో ముప్పయ్యో అయితే చేత్తో చేసుకోవడమే మేలు. వంద దాటి, ముందు ముందు కూడా డిస్కులు అరువిస్తూ ఉండేట్టయితే కొనండి. కొంటే నీళ్ళతో చల్లబరిచే రకమే తీసుకోండి. పాలికార్బొనేట్ 147 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది, పొడి ప్యాడ్ కింద ఆ వేడి సులువుగా వచ్చి గుండ్రటి మరకలు పడతాయి. గరుకు పనికి వాడిన ప్యాడ్‌ను నునుపు పనికి ఎన్నడూ వాడకూడదు. ఒక్క రేణువు మిగిలినా డిస్కంతా గుండ్రటి గీతలు వస్తాయి, అవి మొదటి గీతకన్నా ప్రమాదం. సీడీకి ప్లాస్టిక్ 1.2 మి.మీ. మందం కాబట్టి డీవీడీ కంటే ఎక్కువసార్లు ఓర్చుకుంటుంది. నేర్చుకోవడానికి పనికిరాని డిస్కులు కొన్ని దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: పీఎస్4 గేమ్ డిస్కు మీద గీత పడింది. పాలిష్ చేయించవచ్చా? (ఒక విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: వద్దు. పీఎస్3 నుంచి ఈ వరస గేములన్నీ బ్లూరే డిస్కుల మీదే వస్తున్నాయి. అందులో డేటా ఉపరితలానికి 0.1 మి.మీ. లోపలే ఉంటుంది, పైన గట్టి పూత ఉంటుంది. పాలిష్ ఆ పూతనే తీసేస్తుంది. నీళ్ళు, మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి చూడు, అంతే. పీఎస్2 గేములు సీడీ, డీవీడీలు కాబట్టి వాటికి పైన చెప్పిన పద్ధతి వర్తిస్తుంది.

ప్రశ్న: పాత వీసీడీ సినిమాలు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే మధ్యలో ఎర్రర్ వచ్చి మొత్తం ఆగిపోతోంది. పాలిష్ చేయాలా? (ఒక పాఠకుడు, విజయనగరం)

జవాబు: మోజర్ బేర్ వీసీడీలు 28 రూపాయలకే దొరికిన రోజుల నాటి డిస్కులు ఇంటింటా ఉన్నాయి కాబట్టి ఈ ప్రశ్న చాలామందికి ఉపయోగపడుతుంది. మామూలు డేటా సీడీలో సెక్టారుకు 2048 బైట్లు డేటా, మిగతా చోటు తప్పులు దిద్దే అదనపు సమాచారానికి. వీసీడీలో బొమ్మకు ఎక్కువ చోటు కోసం ఆ అదనపు భాగాన్ని వదిలేసి 2324 బైట్లు నింపారు. అందుకే డేటా సీడీ తట్టుకునే గీత దగ్గర వీసీడీ తడబడుతుంది. విండోస్‌లో మామూలుగా కాపీ చేస్తే ఒక్క సెక్టార్ రాకపోయినా ఫైలు మొత్తం వదిలేస్తుంది.

అయితే సెకనుకు 75 సెక్టార్లుంటాయి. ఒకటి పోతే తెర మీద క్షణం పాటు మచ్చ, అంతే. కాబట్టి పాలిష్ దాకా పోకుండా ఐసోబస్టర్ లాంటి ప్రోగ్రామ్‌లో డిస్కు తెరిచి, ఎంపెగావ్ (MPEGAV) ఫోల్డర్‌లో సినిమా ఉన్న డాట్ (.DAT) ఫైలును బయటికి తీయండి. దానిలో కొన్ని సౌకర్యాలకు డబ్బు కట్టాల్సి ఉంటుంది. చదవలేని సెక్టార్ దగ్గర అది అడిగినప్పుడు, సున్నాలతో నింపి ముందుకు పొమ్మనండి. డ్రైవ్ వేగం వీలైనంత తగ్గించండి. వచ్చిన డాట్ ఫైలు వీఎల్‌సీలో నేరుగా ఆడుతుంది. ఒకేచోట వందల సెక్టార్లు వరసగా పోతున్నాయని కనిపిస్తే మాత్రం డిస్కు బయటికి తీసి, ఆ వలయంలో గీత వెతికి, తెనాలి పాఠకురాలికి చెప్పిన వరసలో కాంపౌండ్ పట్టండి.