పెద్దమ్మ ఇంటికి చేరిన పిల్లాడు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే విషయం మీద ఉన్నాయి. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లల్ని అవ్వో, పెద్దమ్మో, మేనమామో తెచ్చుకుని పెంచుతున్నారు. పిల్లల మనస్తత్వం తెలిసినవాళ్లు, బాలల చట్టాలు తెలిసినవాళ్లు కలిసి ఈ జవాబులు రాశారు. రాసినవాళ్ల పేర్లు, పిల్లల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

ప్రశ్న: మా చెల్లెలు పోయాక దాని తొమ్మిదేళ్ల కొడుకు బంగారుపాళెం దగ్గర తండ్రి ఇంట్లో ఉండేవాడు. తిండి సరిగా పెట్టేవాళ్లు కాదు, బెల్టుతో కొట్టేవాళ్లు. రెండు నెలల కిందట తిరుపతికి తెచ్చుకున్నాను. ఇడ్లీలు, చపాతీలు పరుపు కింద దాస్తాడు. రాత్రిళ్లు పక్క తడుపుతాడు. వచ్చినప్పుడు ఎంతో నెమ్మదిగా ఉన్నవాడు ఇప్పుడు ఎదురు తిరుగుతున్నాడు. మొన్న గ్లాసు విసిరికొట్టాడు. నా పెంపకంలో ఏం లోపముంది?
– ఒక పెద్దమ్మ, కొర్లగుంట, తిరుపతి

జవాబు: మీ పెంపకంలో లోపం లేదమ్మా. గ్లాసు విసరడం దాదాపు ఈ సమయానికే మొదలవుతుంది. కొత్త ఇంటికి వచ్చిన మొదటి వారాల్లో పిల్లాడు అందరినీ గమనిస్తూ, ఎవరికీ కోపం రాకుండా మసలుకుంటాడు. ఇక్కడి నుంచి తనను తరిమెయ్యరని కాస్త ధీమా కుదిరాక లోపల అణచిపెట్టుకున్న కోపమంతా బయటపడుతుంది. అది కూడా ఎక్కువగా తనను బాగా చూసుకునే మనిషి మీదే.

అప్పుడు గొంతు తగ్గించండి. నిలబడి పైనుంచి మాట్లాడకుండా వాడి పక్కనే కింద కూర్చోండి. గాజు పెంకులు మీరే ఊడ్చెయ్యండి, వాడితో ఎత్తించొద్దు. సాయంత్రం అన్నాలయ్యాక ఒక్క మాట చెప్పండి: ‘కోపం వస్తే నాకు చెప్పు, వస్తువులు మాత్రం విసరకూడదు.’ అంతకుమించి ఉపన్యాసం వద్దు. ‘మీ నాన్న బుద్ధులే వచ్చాయి’ అని మాత్రం ఇంట్లో ఎవరూ అనకూడదు. చెంపదెబ్బ కంటే ఆ మాటే లోతుగా దిగుతుంది. చెంపదెబ్బ కూడా ఒక్కటంటే ఒక్కటి వద్దు. రెండు నెలలుగా కుదిరిన నమ్మకం ఆ ఒక్కదానితో పోతుంది.

ఇక తిండి దాచడం. ఎప్పుడు పెడతారో తెలియని ఇంట్లో బతికినవాడికి అది తెలివైన పనే, దొంగతనం కాదు. మూతపెట్టే డబ్బా ఒకటి వాడికే ఇచ్చేయండి. అందులో బొరుగులు, వేరుశనగ ఉండలు, రెండు అరటిపళ్లు వంటివి, అంటే ఒక రోజు చెడిపోకుండా ఉండేవి పెట్టండి. రోజూ సాయంత్రం వాడూ మీరూ కలిసి డబ్బా చూసి, తగ్గినంత నింపండి. వాడికి తెలియకుండా తీయొద్దు, ఖాళీ చేయొద్దు. పరుపు కింద ఇడ్లీ కనబడితే ‘ఇది పాచిపోతుంది, డబ్బాలోకి మార్చుకుందామా’ అంటే చాలు. పొద్దున, మధ్యాహ్నం, నాలుగు గంటలకు, రాత్రి ఒకే వేళకు పెట్టండి. ఆలస్యమయ్యే రోజు ముందే చెప్పండి. ‘అల్లరి చేస్తే అన్నం లేదు’ అనే బెదిరింపు ఈ ఇంట్లో వినబడకూడదు. చాలా ఇళ్లలో పని చెడిపోయేది ఇక్కడే: దాచడం తగ్గిందని వారానికే డబ్బా తీసేస్తారు, పిల్లాడు మళ్లీ పరుపు కిందికి పోతాడు. వాడంతట వాడు డబ్బా మరిచిపోయేదాకా ఉండనివ్వండి. నెలలు పట్టొచ్చు.

పక్క తడపడం విషయంలో ముందు డాక్టరుకు చూపించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఒక్కోసారి షుగరు కూడా దీనికి కారణమవుతాయి. దాహం ఎక్కువై, బరువు తగ్గుతూ ఉంటే ఆలస్యం చెయ్యొద్దు. మూత్ర పరీక్షతో మొదలుపెడతారు. అవేమీ లేకపోతే భయం కారణం కావచ్చు. పరుపు మీద రెక్సిన్ షీటు, దానిమీద దుప్పటి, ఆపైన మళ్లీ రెక్సిన్, మళ్లీ దుప్పటి, ఇలా రెండు జతలు వేసి ఉంచండి. అర్ధరాత్రి తడిస్తే పై జత లాగేస్తే చాలు, పొడి పక్క సిద్ధంగా ఉంటుంది, రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. వాడు సిగ్గుపడే వ్యవధి కూడా ఉండదు. పగలంతా నీళ్లు బాగా తాగనివ్వండి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గించండి. పొద్దుటి నుంచే నీళ్లు కట్టేస్తే మలబద్ధకం పెరిగి పక్క ఇంకా తడుస్తుంది. తడి దుప్పటి వీధివైపు ఆరేసి నలుగురికీ చూపించే పని అసలే వద్దు.

ఇంట్లో చిన్న మార్పులు కొన్ని చేసుకోండి. మీ ఆయన బెల్టు మేకుకు వేలాడుతుంటే బీరువాలో పెట్టించండి. వెనకనుంచి భుజం మీద చెయ్యి వెయ్యొద్దు, ముందు పేరుపెట్టి పిలవండి. తలకు నూనె రాసేముందు ‘రాస్తానురా’ అని చెప్పి రాయండి. రాత్రి గదిలో చిన్న బల్బు వెలగనివ్వండి.

‘అక్కడేం జరిగింది, చెప్పు’ అని గుచ్చి గుచ్చి అడగొద్దు. వాడే మాటల మధ్యలో, చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడో, బండి మీద వెనక కూర్చున్నప్పుడో చెబుతాడు. అప్పుడు పని ఆపకుండా వినండి. ఏడవొద్దు, తండ్రిని తిట్టొద్దు. ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వొద్దు, ఎందుకంటే మీరు అధికారులకు చెప్పాల్సి రావచ్చు. వాడు పడుకున్నాక తేదీ వేసి, వాడన్న మాటలు అన్నట్టే రాసిపెట్టండి. మీ ఊహ కలపొద్దు. ఒంటిమీద మచ్చలుంటే పక్కన స్కేలు పెట్టి, పగటి వెలుతురులో ఫోటో తీయండి.

నెల దాటినా నిద్ర పట్టకపోతే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. తిండి మానేసినా, తనను తాను కొట్టుకున్నా, చచ్చిపోతానన్నా నెల ఆగకుండా వెంటనే తీసుకెళ్లాలి. రుయా ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ (మానసిక ఆరోగ్యం మీద సలహా ఇచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

మీవాడు నిలదొక్కుకుంటాడా అని మీరు అడగలేదు గానీ ఉత్తరం నిండా ఆ దిగులే ఉంది. అమెరికాలోని హవాయి దీవుల్లో కవాయ్ అనే చోట 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త, ఆమె సహచరులు నడివయసు దాకా గమనించారు. పేదరికం, ఇంటి గొడవల మధ్య పెరిగి ప్రమాదపుటంచున ఉన్న పిల్లల్లో మూడో వంతు మంది పెద్దయ్యాక చక్కగా స్థిరపడ్డారు. వాళ్లలో ఎక్కువగా కనిపించిన అండ, తమను వదలకుండా పట్టుకున్న ఒక పెద్ద మనిషి. చాలామందికి ఆ మనిషి తల్లో తండ్రో కాదు, అవ్వో, అత్తో, చిన్నమ్మో.

ప్రశ్న: ఇదే పిల్లాడి తండ్రి ఫోన్ చేసి కిడ్నాప్ కేసు పెడతానంటున్నాడు. పిల్లాణ్ణి నాకు అప్పగించినట్టు వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఆ తండ్రిచేత రాయించి నోటరీ చేయిస్తే సరిపోతుందా?
– అదే పెద్దమ్మ

జవాబు: సరిపోదు. తండ్రి బతికుండగా 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం సహజ సంరక్షకుడు ఆయనే. నోటరీ కాగితం ఆ హక్కును మీ పేరు మీదికి మార్చదు, రేపు ఆయన మనసు మారితే చెల్లదు. కాబట్టి కిడ్నాప్ బెదిరింపును ఉత్తదని కొట్టిపారెయ్యకండి. ఆయన స్టేషన్‌కు వెళ్లకముందే మీరు ఇలాంటి పిల్లల రక్షణ చూసే బాలల సంక్షేమ కమిటీ దగ్గరికి వెళ్లండి. రెండు నెలలు ఊరకున్నారు, ఇక రెండు రోజులు కూడా ఆగొద్దు.

ఇంట్లోవాళ్లే హింసించిన పిల్లాడు 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద ‘రక్షణ, సంరక్షణ అవసరమైన బిడ్డ’. కమిటీలో అధ్యక్షులతో పాటు నలుగురు సభ్యులుంటారు, మేజిస్ట్రేట్‌కు ఉండే అధికారాలు వాళ్లకుంటాయి. పిల్లాణ్ణి మీరే స్వయంగా తీసుకెళ్లొచ్చు. కమిటీ కూర్చోని రోజు ఒక్క సభ్యుడి ముందుకైనా తీసుకెళ్లొచ్చు. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు నుంచి తిరుపతి జిల్లా వేరుపడింది. బంగారుపాళెం చిత్తూరు జిల్లా, మీరుండేది తిరుపతి జిల్లా. ఏ కమిటీ చూడాలన్న గందరగోళం ఉంటే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేసి అడగండి. అవసరమైతే ఒక కమిటీ నుంచి ఇంకో కమిటీకి కేసు మారుస్తారు, దానికోసం ఆగిపోకండి.

తెల్లకాగితం మీద అర్జీ చాలు. దానికి మీ ఆధార్, పిల్లాడి ఆధార్ ఉంటే అది, చెల్లెలి మరణ ధ్రువపత్రం, డాక్టరు రాసిన చీటీ, ఫోటోలు, మీరు తేదీలతో రాసుకున్న పుస్తకం, బడి హెడ్‌మాస్టరు ఉత్తరం జతచేయండి. అన్నీ రెండేసి కాపీలు. ఒకదానిమీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. సమాజ సేవకుడో, ప్రొబేషన్ అధికారో మీ ఇంటికి వచ్చి చూసి నివేదిక ఇస్తారు. ఆ విచారణ 15 రోజుల్లో పూర్తి చేయాలని, తుది ఉత్తర్వు నాలుగు నెలల్లో ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఇంటికొచ్చినవాళ్లు చూసేది పాలరాతి నేల కాదు. వాడు ఎక్కడ పడుకుంటాడు, మందులెక్కడ ఉన్నాయి, బడికి పోతున్నాడా, మీ ఇంట్లో మిగతావాళ్లకు వాడు ఉండటం ఇష్టమేనా అని చూస్తారు. పిల్లాడితో విడిగా మాట్లాడతారు. ‘ఇలా చెప్పు, అలా చెప్పు’ అని ముందు నేర్పించొద్దు. నేర్పిన మాటలు ఇట్టే దొరికిపోతాయి, అప్పుడు నిజం చెప్పినదాన్నీ నమ్మరు.

కమిటీ మిమ్మల్ని ‘ఫిట్ పర్సన్’గా, అంటే పిల్లాణ్ణి చూసుకోవడానికి తగిన మనిషిగా గుర్తించి పిల్లాణ్ణి మీ దగ్గర ఉంచొచ్చు. ఆ ఉత్తర్వు కాపీని పర్సులో పెట్టుకోండి, బడికి ఒకటి ఇవ్వండి. శాశ్వతంగా గార్డియన్‌గా ఉండాలంటే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టులో పిటిషన్ వేయాలి. పిల్లాడు మామూలుగా నివసించే చోటి కోర్టే చూస్తుంది, తీర్పు వచ్చేలోగా తాత్కాలిక ఉత్తర్వు కూడా అడగొచ్చు. తగినంత వయసొచ్చిన పిల్లాడి ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చు. లాయరు ఫీజుకు భయపడకండి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరునిస్తుంది, నంబరు 15100.

రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఒకటి, పెద్దమనుషుల పంచాయితీలో ‘నెలకోసారి తండ్రి దగ్గరికి పంపుతాం’ అని ఒప్పుకోవడం. తండ్రి చూడాలనుకుంటే కమిటీనే అడగమనండి, ఎక్కడ, ఎవరి సమక్షంలో అనేది వాళ్లే తేలుస్తారు. రెండోది, చెల్లెలి నగల గొడవో, పొలం గొడవో ఇదే అర్జీలో కలపడం. అలా చేస్తే పిల్లాణ్ణి అడ్డుపెట్టుకుని ఆస్తి అడుగుతున్నారన్న వాదన ఆయనకు మీరే అందించినట్టవుతుంది.

ప్రశ్న: పాత బడివాళ్లు తండ్రి వస్తేనే టీసీ ఇస్తామంటున్నారు. కొత్త బడి టీసీ లేనిదే చేర్చుకోదట.
– ఒక మేనమామ, రేణిగుంట

జవాబు: చేర్చుకోవాల్సిందే. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందని గానీ, వయసు ధ్రువపత్రం లేదని గానీ చేర్పించడం ఆపకూడదు. పాత బడివాళ్లు ఆన్‌లైన్ రికార్డులో పిల్లాడి పేరు వదలకపోతే కొత్త బడి రికార్డులో అది ఎక్కదు, అసలు చిక్కు అదే. కమిటీ ఉత్తర్వు ఉంటే దాని కాపీతో మండల విద్యాశాఖ అధికారికి అర్జీ పెట్టండి, వాళ్లే పాత బడికి చెబుతారు. ఆలోగా పిల్లాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టొద్దు. క్లాసు టీచరుకు మాత్రం గుట్టుగా చెప్పుకోండి: ఈ పిల్లాడి వెనక బెత్తం ఆడించొద్దు, ఫలానా మనిషి వచ్చి అడిగితే పంపించొద్దు.

ప్రశ్న: (చెప్పి రాయించిన ఉత్తరం) నా కూతురు, అల్లుడు ఇద్దరూ పోయినారు. మనవడికి పదకొండేండ్లు. వాళ్ల చిన్నాయన ఇంట్లో పెట్టుకుని పశువుల మాదిరి పని చేయించుకుంటా ఉండె. నేను తెచ్చేసుకున్నా. నాకొచ్చేది పింఛను నాలుగు వేలే. వాణ్ణి హాస్టల్లో ఏసేయమంటా ఉండారు అందరూ. ఏసేయాలా?
– ఒక అవ్వ, చిత్తూరు

జవాబు: డబ్బు చాలదన్న కారణంతో వెయ్యొద్దమ్మా. పిల్లల సంరక్షణకు ప్రభుత్వం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ అనే సాయం ఉంది. తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు నెలకు 4,000 రూపాయలిస్తారు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. మీ పింఛను ఏడాదికి 48,000, కాబట్టి ఆదాయం అడ్డు రాదు. చిత్తూరులోని జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో అర్జీ ఇవ్వండి. కూతురు, అల్లుడి మరణ ధ్రువపత్రాలు, సచివాలయంలో తీసుకున్న ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు, ఇద్దరి ఆధార్, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ కావాలి. పదేళ్లు దాటిన పిల్లలకు వాళ్ల పేరునే పొదుపు ఖాతా తెరవొచ్చు. అర్జీ ఇచ్చినప్పుడు రసీదు తీసుకుని, నెలకోసారి వెళ్లి ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోండి. ఆధార్‌లో పేరు ఒక రకంగా, బడిలో ఇంకో రకంగా ఉంటే అక్కడే ఆగిపోతుంది, ముందే సరిచేయించండి. మీ తర్వాత వాణ్ణి ఎవరు చూస్తారో ఇప్పుడే ఒకరిని అనుకుని, ఆ పేరు కూడా యూనిట్‌వాళ్లకు చెప్పి ఉంచండి.

ప్రశ్న: పక్కింట్లో పాపను రోజూ కొడుతున్నారు. ఫోన్ చేస్తే నా పేరు బయటపడుతుందేమో.
– పేరు వద్దు, చిత్తూరు

జవాబు: 1098 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు పడదు. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు. పాప వయసు సుమారుగా, ఇంటి గుర్తు, ఎప్పుడెప్పుడు ఏం విన్నారు, ఏం చూశారు అనేది చెప్పండి. ‘రోజూ’ అనే మాటకంటే ‘సోమ, బుధవారాల్లో రాత్రి తొమ్మిదికి ఏడుపు, మర్నాడు చెయ్యి వాచింది’ అన్నది ఉపయోగపడుతుంది. అప్పటికప్పుడు ప్రాణాపాయంగా ఉంటే అత్యవసర నంబరు 112కు చేయండి. తన సంరక్షణలో ఉన్న పిల్లల్ని హింసించేవాళ్లకు బాలల న్యాయ చట్టం కింద మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. లైంగిక వేధింపు అని అనుమానం వస్తే మాత్రం చెప్పకుండా ఊరుకోవడమే నేరం. అలాంటప్పుడు పాపకు స్నానం చేయించకుండా, వేసుకున్న బట్టలు ఉతక్కుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలని ఆ ఇంట్లో పాప పక్షాన ఉన్నవాళ్లెవరైనా ఉంటే వాళ్లకు చెప్పండి. పాపను మహిళా డాక్టరే పరీక్షించాలి. మీరే వెళ్లి ఆ ఇంటివాళ్లతో గొడవపడొద్దు. తలుపులు మూసుకున్నాక ఆ కోపం కూడా పాప మీదే చూపిస్తారు.