పిల్లవాడి తప్పు దగ్గర మొదలుపెట్టు: కొత్తగా లెక్కలు చెబుతున్న మేనల్లుడికి ఉత్తరం

అమలాపురం

చిరంజీవి మేనల్లుడికి,

అత్తయ్య ఆశీస్సులు. గోదావరి మధ్య లంక ఊరి ప్రాథమిక పాఠశాలలో చేరావనీ, మూడు, నాలుగు, అయిదు తరగతులకు లెక్కలు నువ్వే చెబుతున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. ప్రతి పాఠానికీ ఒక కృత్యం, అంటే పిల్లలే చేసి నేర్చుకునే పని, ఉండాలని శిక్షణలో చెప్పారనీ, ఏ పాఠానికి ఏది చేయించాలో తోచడం లేదనీ నువ్వు రాసిన ఉత్తరం నిన్న అందింది. ముప్పై ఏళ్ళకు పైగా ఇదే పని చేసిన దాన్ని కనుక నాకు తెలిసినంత రాస్తున్నాను. కృత్యాన్ని పాఠాన్ని బట్టి వెతకవద్దు, పిల్లవాడు చేసిన తప్పును బట్టి వెతుకు. ఒకే జవాబు పది మంది తప్పుగా రాస్తే వెనుక మూడు నాలుగు వేర్వేరు అపార్థాలు ఉంటాయి కాబట్టే మనకు మూడు నాలుగు రకాల బోధన కావాలి గాని, తరగతి సందడిగా కనిపించడానికి కాదు.

ఒక ఉదాహరణ చెబుతాను. నూట అయిదు రాయమంటే మూడో తరగతిలో కనీసం ఇద్దరు ముగ్గురు 1005 అని రాస్తారు. అది అజాగ్రత్త కాదు. 'నూట' అని విని 100 వేశాడు, 'అయిదు' అని విని పక్కన 5 పెట్టాడు. విన్నది విన్నట్టు రాశాడు. ఎర్ర సిరాతో కొట్టివేస్తే తన చెవినే అనుమానించడం నేర్చుకుంటాడు తప్ప స్థానవిలువ నేర్చుకోడు. మన కోనసీమలో కొబ్బరి ఈనెలకు కొదవ లేదు. పిల్లల చేతనే ఈనెలు తెప్పించి, జానెడు పొడవున సమంగా కోయించి, పదేసి పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు వేయించు. అలాంటి పది కట్టలను కొబ్బరి తాడుతో ఒక మోపుగా కట్టించు. ఇప్పుడు నూట అయిదు పుల్లలు తెమ్మంటే ఒక మోపు, విడిగా అయిదు పుల్లలు తెచ్చి పెడతాడు. నేల మీద వందల గడి, పదుల గడి, ఒకట్ల గడి గీసి వాటిలో పెట్టించు. మధ్య గడి ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీని కాగితం మీద ఎలా చూపిద్దామని అడిగి, తొందరపడకుండా ఆగు. సున్నా అనే మాట వాడి నోటి నుంచే రావాలి.

అవే పుల్లలు తీసివేతకూ పనికి వస్తాయి. 52లో నుంచి 38 తీసివేయమంటే 26 అని రాసేవాడు, రెండులో నుంచి ఎనిమిది పోదు కనుక ఎనిమిదిలో నుంచి రెండు తీసేశాడన్నమాట. వాడి చేతికి అయిదు కట్టలు, రెండు పుల్లలు ఇచ్చి ముప్పై ఎనిమిది తిరిగి ఇమ్మను. కొంతసేపు తికమకపడి తరువాత తనే ఒక కట్ట విప్పుతాడు. ఆ కట్టను నువ్వు విప్పవద్దు. ఉపాధ్యాయుడి చేతులు దురుసుగా ముందుకు వెళ్ళే చోటు ఇదే, నా చేతులు కూడా చాలాసార్లు వెళ్ళాయి.

అయితే పుల్లల దగ్గరే ఆగిపోకూడదు. జెరోమ్ బ్రూనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో చెప్పిన మూడు మెట్లు మన శిక్షణా తరగతుల్లో నువ్వు చదివే ఉంటావు: మొదట చేతితో చేయడం, తరువాత బొమ్మగా గీయడం, ఆపైన గుర్తులతో రాయడం. నేను చూసినంతలో మధ్య మెట్టునే అందరం దాటవేస్తాం. కట్టకు ఒక నిలువు గీత, పుల్లకు ఒక చుక్క పెట్టి లెక్కను గీయించడం వారం రోజులు చేయిస్తే, పుల్లలు వాటంతట అవే పక్కకు పోతాయి. అప్పుడప్పుడు వెనక్కు కూడా నడిపించు. లెక్క నువ్వు రాసి, దానికి బొమ్మ వాళ్ళ చేత వేయించు.

భిన్నాలకు మన పాత ఇళ్ళలోని కొలపాత్రలను మించిన సామగ్రి నేను చూడలేదు. రెండు అడ్డలు ఒక కుంచం, రెండు మానికలు ఒక అడ్డ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు సోలలు ఒక తవ్వ, నాలుగు గిద్దలు ఒక సోల. అంటే కుంచంలో అడ్డ సగం, మానిక పావు, తవ్వ ఎనిమిదో వంతు, సోల పదహారో వంతు, అదే మన పెద్దలు వీసం అన్నది. పిల్లలు సాధారణంగా నాలుగు కంటే ఎనిమిది పెద్దది కనుక 1/4 కంటే 1/8 పెద్దదనుకుంటారు. బడి ఆవరణలో పొడి ఇసుక పోసి, కుంచం నిండడానికి ఎన్ని తవ్వలు పడతాయో ముందు ఊహించి పలకల మీద రాయమను, తరువాత పోసి చూడమను. ఊహ రాయించకుండా పోయిస్తే అది ఇసుక ఆట మాత్రమే అవుతుంది. తవ్వ చిన్నది కాబట్టే ఎనిమిది పట్టాయని ఎవరో ఒకరు అంటారు. ఆ మాటను నల్లబల్ల మీద రాసి, దాని పక్కన 1/8 రాయి.

దశాంశాలకు గోదావరే ఉంది. మీ ఊరి పిల్లలకు వరదల కాలంలో ధవళేశ్వరం బ్యారేజీ అంకెలు కంఠతా వస్తాయి: నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. నీరు 11.75 నుంచి 11.8కి వచ్చిందంటే వరద పెరిగిందా తగ్గిందా అని అయిదో తరగతిని అడుగు. సగం మంది తగ్గిందంటారు, ఎందుకంటే వాళ్ళ కళ్ళకు 75 ముందు 8 చిన్నది. గోడకు కాగితపు కొలబద్ద అంటించి, ఒక అడుగును పది భాగాలుగా, ఆ భాగాన్ని మళ్ళీ పదిగా గీయించి రెండు గుర్తులూ వాళ్ళ చేతనే పెట్టించు. లంకలో ఇల్లున్న పిల్లవాడికి ఈ ప్రశ్న పరీక్ష కోసం కాదు, అందుకే వాడి శ్రద్ధ వేరుగా ఉంటుంది. నాలుగో తరగతికి ఆ బ్యారేజీ గేట్లు ఇవ్వవచ్చు: ధవళేశ్వరం వైపు 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. మొత్తం 175 అని అందరూ తేలుస్తారు గాని, నోటితో ఎలా కూడారో ఒక్కొక్కరి చేత చెప్పించు. ఒకరు పదులన్నీ ముందు కలిపి 160 చేస్తారు, మరొకరు 39ని 40 చేసుకొని చివర ఒకటి తీసేస్తారు. రెండూ బల్ల మీద పక్కపక్కన ఉండాలి.

ధనుర్మాసంలో ముగ్గు తప్పక పెట్టించు. మధ్య వరుసలో ఏడు చుక్కలు, రెండు వైపులా సందు చుక్కలు ఒకటి వరకు వేస్తే మొత్తం ఎన్ని? లెక్కపెట్టనిచ్చాక, తల కాస్త పక్కకు వంచి చూడమను. ఏడేసి చుక్కల ఏడు వరుసలు కనిపిస్తాయి, నలభై తొమ్మిది. అష్టాచెమ్మా, వామనగుంటలు కూడికకు, పంచడానికి మంచివే, వర్షం పడే రోజులకు ఉంచుకో.

ఎక్కాలు వద్దని నేను అనను. ఎక్కం రాని పిల్లవాడికి భాగాహారంలో అడుగడుగునా కాలు తడబడుతుంది. అయితే అప్పజెప్పించే ముందు కట్టించాలి. గుడ్లు వచ్చే అట్టలో ఆరు వరుసలు, వరుసకు అయిదు గుంటలు. తిప్పి పెడితే అయిదు వరుసలు, వరుసకు ఆరు. ఆరయిదులూ అయిదార్లూ ఒకటేనని అలా చూసిన పిల్లవాడికి కంఠస్థం చేయవలసింది దాదాపు సగానికి తగ్గుతుంది.

నా పొరపాటు ఒకటి దాచకుండా రాస్తాను. ఒకసారి తరగతిలో సంత పెట్టించాను. కాగితపు నోట్లు, అరటిపండ్లు, కొబ్బరికాయలు, పెద్ద హడావుడి. పిల్లలు ఎంతో సంతోషించారు, నేనూ పొంగిపోయాను. మరునాడు చిల్లర లెక్కలు ఇస్తే ముగ్గురు తప్ప ఎవరూ చేయలేకపోయారు. లెక్క వచ్చిన ఆ ముగ్గురే దుకాణాల్లో కూర్చున్నారు, మిగిలిన వాళ్ళు నోటు ఇచ్చి, వాళ్ళు ఇచ్చిన చిల్లర తీసుకొని వచ్చారు. తరువాతి నుంచి కొన్న ప్రతివాడూ తనకు రావలసిన చిల్లర ముందే చీటీ మీద రాసి ఇవ్వాలని, పది నిమిషాలకోసారి దుకాణదారు మారాలని నియమం పెట్టాను. ఏ కృత్యమైనా మొదలుపెట్టే ముందు, ఇందులో లెక్క చేయకుండా తప్పించుకునే దారి ఎవరికి ఉందో చూసుకో.

ఇక రోజూ చేయవలసిన పని. జవాబు తప్పయినప్పుడే కాదు, ఒప్పయినప్పుడు కూడా 'నీకెలా తెలిసింది?' అని అడుగు; లేకపోతే ఆ ప్రశ్న వినగానే తప్పు చేశామని పిల్లలు జవాబు చెరిపేసుకుంటారు. ఒక నోటుపుస్తకం పెట్టుకొని, ఎవరు ఏ తప్పు చేశారో, ఎలా ఆలోచించి చేశారో సాయంత్రం రెండు మూడు వాక్యాలు రాయి. రేపటి కృత్యం ఆ పేజీలోనే ఉంటుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. అటక మీద ఉన్న కుంచం, అడ్డ, మానిక, తవ్వ, సోల, గిద్ద దింపించి తోమించి ఉంచుతాను. వెళ్ళేటప్పుడు మీ బడికి తీసుకువెళుదువుగాని.

ఇట్లు,
మీ అత్తయ్య