పాత రివర్బ్ యూనిట్ స్థానంలో ఏది తీసుకోవాలి? – సమాధానం

నమస్కారమండీ. మీ యమహా ఎస్‌పీఎక్స్ 90 ఎఫెక్ట్ యూనిట్ పాడైందని, అనలాగ్ మిక్సర్‌ను మార్చకుండానే గాత్రానికి రివర్బ్ (హాలులో పాడినట్టు ధ్వని కాసేపు నిలిచే ప్రభావం), డిలే (కొంత ఆలస్యంగా తిరిగి వినిపించే ధ్వని) రెండూ కావాలని రాశారు. 1980ల నాటి ఆ యూనిట్‌కు మరమ్మతు చేయించడం కంటే, రెండు ఎఫెక్టులను వేర్వేరుగా నడపగల లెక్సికాన్ ఎమ్‌ఎక్స్ 200 వంటిది సెకండ్‌హ్యాండ్‌లో, దాని అసలు అడాప్టర్‌తో సహా తీసుకోవడం మేలని నా అభిప్రాయం. అయితే మిక్సర్‌లో రెండు పోస్ట్‌ఫేడర్ ఆక్స్‌లు (ఫేడర్ అంటే చానల్ శబ్దస్థాయి మీట; దాని తర్వాతి ధ్వనిని బయటి యూనిట్‌కు పంపే దారులు) ఖాళీగా ఉంటేనే దాని పూర్తి ప్రయోజనం దక్కుతుంది. ఫేడర్‌కు ముందే ధ్వనిని తీసుకునే ప్రీఫేడర్ ఆక్స్ నుంచి పంపితే గాయకుడి ఫేడర్ దించినా రివర్బ్ మోగుతూనే ఉంటుంది.

యూనిట్‌లో మిక్స్‌ను 100 శాతం వెట్‌లో (అసలు గొంతు లేకుండా ఎఫెక్ట్ మాత్రమే వచ్చేలా) ఉంచి, రిటర్న్‌ను (యూనిట్ నుంచి తిరిగి వచ్చే ధ్వనిని) మామూలు చానల్‌లోకి తీసుకురండి. అప్పుడు ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దుబాటు) చేతిలో ఉంటుంది కాబట్టి, అసలే గోడల ప్రతిధ్వని ఎక్కువగా ఉండే కల్యాణ మండపాల్లో రివర్బ్‌లోని బేస్‌ను బాగా తగ్గించి, డికే సమయాన్ని (రివర్బ్ తగ్గి ఆగిపోయేందుకు పట్టే సమయాన్ని) కుదించి, కొంత ప్రీడిలే (గొంతుకూ రివర్బ్ మొదలుకూ మధ్య చిన్న విరామం) ఇస్తే సాహిత్యం స్పష్టంగా వినిపిస్తుంది. ఆ రిటర్న్ చానల్‌లో అదే ఆక్స్ నాబ్‌ను మాత్రం సున్నాలోనే ఉంచాలి, లేకపోతే ఆ ధ్వని మళ్లీ యూనిట్‌లోకే వెళ్లి ఫీడ్‌బ్యాక్ (కూత) తప్పదు. ఏ మోడల్ కొన్నా ట్యాప్ టెంపో బటన్ (పాట లయకు తగ్గట్టు నొక్కి డిలే వేగాన్ని సరిపెట్టేది) ముందు ప్యానెల్‌పైనే ఉందో లేదో చూడండి; పాట మధ్యలో మెనూల్లో వెతికే వీలుండదు.