స్నేహితులతో మైన్‌క్రాఫ్ట్: మీ ప్రశ్నలు, మా జవాబులు

నేను ఫోన్‌లో, మా ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో ఆడతాం. ఇద్దరం డబ్బు పెట్టి కొన్నాం. అయినా వాడి వరల్డ్ నాకు కనిపించదు. ఎందుకు?
— ఇంటర్ విద్యార్థి, ఖమ్మం

మైన్‌క్రాఫ్ట్ పేరుతో నడుస్తున్నవి రెండు వేర్వేరు ఆటలు. ఫోన్లలో, కన్సోళ్లలో ఉండేది బెడ్‌రాక్. మీ ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో ఆడుతున్నది బహుశా జావా ఎడిషన్ అయి ఉంటుంది. ఈ రెండూ నేరుగా కలవవు. 2022 నుంచి విండోస్‌కి కొంటే రెండూ కలిపే ఇస్తున్నారు కాబట్టి, లాంచర్‌లో బెడ్‌రాక్ ఎంచుకోమనండి. ఇద్దరూ మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయి, గేమర్‌ట్యాగ్‌తో ఒకరినొకరు ఫ్రెండ్‌గా చేర్చుకోండి. వరల్డ్ సెట్టింగ్స్‌లో మల్టీప్లేయర్ ఆన్ చేస్తే అది మీ ఫ్రెండ్స్ ట్యాబ్‌లో కనిపిస్తుంది. వరల్డ్ తెరిచినవారు ఆటలోంచి బయటికి వెళ్తే అందరికీ మూసుకుపోతుంది.

జావాలో నెలల తరబడి కట్టుకున్న ఊరు వదులుకోలేమంటే ఇంకో దారి ఉంది. ఆ వరల్డ్‌ని పేపర్ (ప్లగిన్లు వేసుకోగల జావా సర్వర్ సాఫ్ట్‌వేర్) సర్వర్‌లో పెట్టి గైజర్, ఫ్లడ్‌గేట్ ప్లగిన్లు వేస్తే ఫోన్‌వాళ్లు బెడ్‌రాక్‌తోనే అందులోకి రావచ్చు, జావా కొనక్కర్లేదు. అయితే ఆట వెర్షన్ మారినప్పుడల్లా ఈ ప్లగిన్లనూ అప్‌డేట్ చేయాలి.

హాస్టల్‌లో నలుగురం ఒకే వైఫైలో ఉన్నాం. ఒకరు ‘ఓపెన్ టు ల్యాన్’ నొక్కినా మిగతా ముగ్గురికీ ఏమీ కనిపించదు.
— ఇంజినీరింగ్ విద్యార్థిని, విశాఖపట్నం

హాస్టల్, కాలేజీ వైఫైల్లో ఒక పరికరం ఇంకో పరికరంతో మాట్లాడకుండా అడ్డుకట్ట పెడతారు. భద్రత కోసం పెట్టిన ఆ అడ్డుకట్ట వల్ల ల్యాన్ ఆట దొరకదు. ఒకరి ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి నాలుగు ల్యాప్‌టాప్‌లూ దానికి కలపండి. లాగిన్ సరిచూసుకోవడానికి మొబైల్ డేటా ఆన్‌లో ఉండాలి. ఆట మాత్రం ల్యాప్‌టాప్‌ల మధ్యే నడుస్తుంది కాబట్టి డేటా ప్యాక్‌పై పెద్దగా భారం పడదు.

అప్పటికీ కనిపించకపోతే, వరల్డ్ తెరిచినప్పుడు చాట్‌లో వచ్చే పోర్ట్ నంబర్ రాసుకోండి. అది తెరిచిన ప్రతిసారీ మారవచ్చు. ఆ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ (ipconfig) కొడితే ఐపీవీ4 చిరునామా వస్తుంది. మిగతావాళ్లు డైరెక్ట్ కనెక్షన్‌లో ఆ చిరునామా, కోలన్, పోర్ట్ నంబర్ కొట్టాలి. ఇదీ పని చేయకపోతే విండోస్ ఫైర్‌వాల్‌ని అనుమానించండి. హాట్‌స్పాట్‌ని విండోస్ ‘పబ్లిక్’ నెట్‌వర్క్‌గా లెక్కేసుకుని ఉంటుంది. దాన్ని ‘ప్రైవేట్’గా మార్చి, ఫైర్‌వాల్‌లో జావాకి అనుమతి ఇవ్వండి. ఫైర్‌వాల్‌ని మొత్తంగా ఆపేయకండి. ‘అవుట్‌డేటెడ్ క్లయింట్’ అని వస్తే గొడవ వెర్షన్‌ది. నలుగురూ లాంచర్‌లో ఒకే వెర్షన్ నంబర్ ఎంచుకోవాలి.

ఇంట్లో పాత కంప్యూటర్ మీద జావా సర్వర్ పెట్టాను. రౌటర్‌లో 25565 పోర్ట్ ఫార్వర్డ్ చేశాను. నేను ఆడగలుగుతున్నాను, బయటివాళ్లకి ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ వస్తోంది.
— డిగ్రీ విద్యార్థి, నిజామాబాద్

రౌటర్ పేజీలో వ్యాన్ (WAN) ఐపీ, అంటే ఇంటర్నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన చిరునామా, చూడండి. తర్వాత బ్రౌజర్‌లో మీ ఐపీ ఎంతో వెతికి చూడండి. రెండూ ఒకటి కాకపోతే, ముఖ్యంగా వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీరు సీజీన్యాట్ వెనక ఉన్నట్టు. అంటే ఒకే పబ్లిక్ చిరునామాని కంపెనీ చాలా ఇళ్లకి పంచుతోంది. బయటి నుంచి వచ్చే పిలుపు మీ రౌటర్ దాకానే రాదు. మీరు ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు.

కంపెనీని స్టాటిక్ పబ్లిక్ ఐపీ అడగవచ్చు, దానికి సాధారణంగా అదనపు రుసుము ఉంటుంది. నలుగురైదుగురు స్నేహితులకి మాత్రం టెయిల్‌స్కేల్ (దూరంగా ఉన్న కంప్యూటర్లని ఒక ప్రైవేట్ నెట్‌వర్క్‌లో కలిపే సాఫ్ట్‌వేర్) మేలని మా గట్టి అభిప్రాయం. మీ సర్వర్‌లో, ప్రతి స్నేహితుడి కంప్యూటర్‌లో దాన్ని వేసి, సర్వర్ యంత్రాన్ని వాళ్లతో షేర్ చేసి, అది ఇచ్చే చిరునామాతో కలుస్తారు. ఆ చిరునామా కూడా 100తోనే మొదలవుతుంది, కంగారు పడకండి. ఇంటి పోర్టేదీ లోకానికి తెరవక్కర్లేదు కాబట్టి ఊరూపేరూ తెలియనివాళ్లు తలుపు తట్టరు. ఏ పోర్ట్ ఫార్వర్డ్ చేశారో దాన్ని తీసేయండి.

వ్యాన్ ఐపీ, పబ్లిక్ ఐపీ ఒకటే అయితే పరీక్ష బయటి నుంచే చేయాలి. ఇంట్లో కూర్చుని సొంత పబ్లిక్ ఐపీకి కలవడం చాలా రౌటర్లలో కుదరదు, దాంతో సర్వర్ పాడైందని పొరబడతారు. మొబైల్ డేటా మీద ఉన్న స్నేహితుణ్ణి ప్రయత్నించమనండి. ఫార్వర్డింగ్‌లో జావా సర్వర్‌కి టీసీపీ 25565, బెడ్‌రాక్ సర్వర్‌కి యూడీపీ 19132 ఉండాలి (టీసీపీ, యూడీపీ డేటా పంపే రెండు పద్ధతులు). ఈ టీసీపీ, యూడీపీ తారుమారు కావడం మామూలే.

1.20.5 వెర్షన్ నుంచి 1.21.11 దాకా సర్వర్‌కి కనీసం జావా 21 (ఇక్కడ జావా అంటే ఆట కాదు, కంప్యూటర్‌లో వేసే సాఫ్ట్‌వేర్), 26.1 నుంచి జావా 25 కావాలి. నలుగురికి, మోడ్లు లేకుండా, 2 జీబీ మెమరీ చాలు. 8 జీబీ యంత్రంలో 6 జీబీ ఇచ్చేస్తే విండోస్‌కే ఊపిరాడదు.

వైట్‌లిస్ట్ (లోపలికి రానిచ్చే ఆటగాళ్ల జాబితా) మొదటి రోజే ఆన్ చేయండి. ఆన్‌లైన్-మోడ్‌ని ‘ఫాల్స్’ చేయమని ఎవరైనా అడిగితే ఒప్పుకోవద్దు. అప్పుడు సర్వర్ పేరుని మాత్రమే చూస్తుంది, ఖాతాని సరిచూడదు. మీ పేరు పెట్టుకుని ఎవరు వచ్చినా ఆపరేటర్ అధికారాలతో సహా మీరే అయిపోతారు. వైట్‌లిస్ట్ ఉన్నా ఆపలేదు. వారానికోసారి సర్వర్ ఆపి వరల్డ్ ఫోల్డర్‌ని వేరే డ్రైవ్‌కి కాపీ చేయండి. నడుస్తుండగా కాపీ చేస్తే ఫైళ్లు సగంలో తెగిపోవచ్చు.

డాలస్‌లో ఉన్న మా పెదనాన్న కొడుకుతో ఆడుతుంటే వాడు తవ్విన బ్లాకు మళ్లీ వచ్చేస్తుంది. సర్వర్ హైదరాబాద్‌లో మా ఇంట్లోనే ఉంది.
— హైస్కూల్ విద్యార్థిని, హైదరాబాద్

ఇబ్బంది ఒక్కడికేనా, అందరికీనా? ఒక్కడికే అయితే అది దూరం. డాలస్ నుంచి ఇక్కడికి కబురు వచ్చి పోవడానికి 200 మిల్లీసెకన్లకి పైగా పట్టడం మామూలే, దాన్ని ఏ సెట్టింగూ తగ్గించలేదు. అద్దె సర్వర్ తీసుకుంటే యూరప్‌లోది ఎంచుకోండి, ఆలస్యం ఇద్దరికీ పంచుకున్నట్టవుతుంది. ఇంట్లోనే ఉంచితే తవ్వకం, కట్టడం, పంటలు వాడికి వదిలి, క్రీపర్లతో పోరాటం మీరు చూసుకోండి. అందరికీ ఒకేసారి బిగుసుకుపోతూ, సర్వర్ నడిచే విండోలో ‘కాంట్ కీప్ అప్’ అని పడుతుంటే అలసిపోతున్నది మీ కంప్యూటర్. సర్వర్ ప్రాపర్టీస్‌లో వ్యూ-డిస్టెన్స్, సిమ్యులేషన్-డిస్టెన్స్ రెండూ 10 ఉంటాయి, 6కి దించండి. టైమ్ విషయానికొస్తే, అక్కడ శనివారం రాత్రి 8 అయితే మనకి ఆదివారం పొద్దున వేసవిలో 6:30, చలికాలంలో 7:30.

మా అబ్బాయికి పదకొండేళ్లు. స్నేహితుల వరల్డ్‌లోకి వెళ్లబోతే ఖాతా సెట్టింగ్స్ వల్ల కుదరదని వస్తోంది.
— గృహిణి, తిరుపతి

పిల్లల ఖాతాకి మల్టీప్లేయర్ ఆగి ఉన్నట్టు. మీ సొంత ఖాతాతో మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీలో అబ్బాయిని ఎంచుకుని, ఎక్స్‌బాక్స్ ప్రైవసీ పేజీలో మల్టీప్లేయర్ ఆటల్లో చేరడానికి అనుమతివ్వండి. మాటలు, మెసేజ్‌ల అనుమతి వేరుగా ఉంటుంది, దాన్ని ‘ఫ్రెండ్స్’ వరకే ఉంచండి. కొత్త ఫ్రెండ్స్‌ని చేర్చుకునే అనుమతి మీ చేతిలోనే ఉండనివ్వండి. మార్చాక ఆటలో సైన్ అవుట్ అయి మళ్లీ సైన్ ఇన్ కావాలి, లేకపోతే పాత సందేశమే వస్తుంది.