లావణ్యకు: తక్కువ జీతమనే ముందు వేయాల్సిన లెక్క

చి. లావణ్యకు ఆశీస్సులు.

22,000 వచ్చే అకౌంట్స్ ఉద్యోగం మానేసి నర్సింగ్ చదివితే మొదట్లో 18,000 మాత్రమే ఇస్తామంటున్నారని, దిగాలా వద్దా అని అడిగావు. దిగొచ్చు. కానీ నువ్వు భయపడాల్సిన అంకె అది కాదు.

నెలకు 4,000 తగ్గితే రెండేళ్లకు 96,000. అదే జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివే మూడేళ్లలో నీకు రాకుండా పోయే జీతం 7,92,000. బీఎస్సీ నర్సింగ్‌కైతే నాలుగేళ్లకు 10,56,000. ఫీజు, హాస్టలు, యూనిఫాం, క్లినికల్ పోస్టింగులకు తిరిగే బస్సు ఖర్చు దీనిపైన అదనం. ఇంట్లో కూర్చుని ముందు తేల్చుకోవాల్సింది ఈ మొత్తాన్నే.

అప్పు విషయంలో చాలా జాగ్రత్త. విద్యారుణం 4 లక్షలు మూడు విడతలుగా తీసుకుని, వడ్డీ 10 శాతం అనుకో. చదివే మూడేళ్లూ, ఆపై ఏడాదీ వాయిదాలు ఉండవు, కానీ వడ్డీ ఆగదు. నాలుగేళ్లు తిరిగేసరికి బాకీ దాదాపు 5.2 లక్షలవుతుంది. దాన్ని ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 8,600. ఇప్పుడు జీతం వైపు చూడు. 18,000లో బేసిక్ 10,000 అయితే పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 135, వృత్తి పన్ను 150 పోగా చేతికి 16,515. సగానికి పైగా బ్యాంకుకే పోతుంది. ఉద్యోగం మారినవాళ్లు రెండో ఏడాదికే విరక్తి చెందేది పని బరువుకు కాదు, ఈ వాయిదాకు. అందుకే చదివేటప్పుడే నెలనెలా వడ్డీ కట్టగలిగినంత అప్పే చెయ్యి. ఇంకో ఏడాది ఇదే ఉద్యోగంలో ఉండి కొంత కూడబెట్టుకుందామని అనిపిస్తుందేమో. నీ వయసుకు అది ఎలా దెబ్బ తీస్తుందో చెప్తాను విను.

నీకు 28, బీసీ, ఇంటర్‌లో బైపీసీ. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు పెట్టే నార్‌సెట్ పరీక్షకు గరిష్ఠ వయసు 30, ఓబీసీలకు 33. బీఎస్సీ చేసినవాళ్లను అనుభవం అడగరు. జీఎన్ఎం వాళ్లకు మాత్రం కనీసం 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్లు పనిచేసి ఉండాలి. నువ్వు జీఎన్ఎం చేస్తే చదువుకు మూడేళ్లు, అనుభవానికి రెండేళ్లు కలిసి 33 నిండుతాయి, ఆ తలుపు మూసుకుపోతుంది. బీఎస్సీ అయితే 32కి బయటికొస్తావు, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకుని పరీక్ష రాయడానికి కాస్త సమయం మిగులుతుంది. ఒక్క ఏడాది ఆలస్యమైనా అదీ పోతుంది.

అయితే ఎయిమ్స్ ఒక్కటే దారి కాదు. రైల్వే నర్సింగ్ సూపరింటెండెంట్‌కు జీఎన్ఎం సరిపోతుంది, 2025 నోటిఫికేషన్‌లో వయసు 40 దాకా ఇచ్చారు. ఎయిమ్స్‌లోనూ రైల్వేలోనూ మొదటి బేసిక్ 44,900. తెలంగాణలో వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు 2024 నోటిఫికేషన్‌లో వయసు 46 వరకు, స్కేలు 36,750తో మొదలు. అందులో రాతపరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వాస్పత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు 20. కాబట్టి నాలుగో ఏడాది కూడా ఇల్లు గడిచేట్టుంటే బీఎస్సీ చెయ్యి. లేదంటే జీఎన్ఎం చేసి రైల్వే, రాష్ట్ర పోస్టుల మీద దృష్టి పెట్టు.

ఏ కాలేజీ అయినా డబ్బు కట్టే ముందు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో ఆ ఏడాదికి పేరుందో లేదో నువ్వే చూసుకో. ఆరు నెలల నర్సింగ్ అసిస్టెంట్ కోర్సులతో రిజిస్టర్డ్ నర్సువి కాలేవు, ఎవరెంత నమ్మబలికినా సరే.

ఇక మొదటి ఉద్యోగం. 20 పడకల నర్సింగ్ హోమ్ 18,000 ఇస్తానంటే, 150 పడకల ఆస్పత్రి ఐసీయూలో 16,000 ఇస్తానంటే, రెండోదానికే వెళ్లు. ఆ తేడా రెండేళ్లకు 48,000. చిన్నచోట చేసిన అనుభవం చాలా దరఖాస్తుల్లో లెక్కకే రాదు. వెంటిలేటర్, ఇన్‌ఫ్యూజన్ పంప్, డయాలసిస్ మీద చేయి తిరిగిన నర్సుకు జీతం అడిగే బలం వస్తుంది. సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ 2016లోనే, 50 లోపు పడకలున్న చోట కూడా 20,000కు తగ్గకూడదని, 200 దాటినచోట ప్రభుత్వ జీతంతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. ఇన్నేళ్లయినా దాన్ని పట్టించుకోని యాజమాన్యాలు ఉండటం నాకు మింగుడుపడని అన్యాయం. నువ్వు మాత్రం ఇంటర్వ్యూలో ఆ మాట గుర్తుచేసి అడుగు.

చేరే ముందు తెలుసుకోవాల్సినవి: చెప్పిన జీతంలో యాజమాన్యం పీఎఫ్ వాటా కూడా కలిపారా, నెలకు ఎన్ని నైట్ డ్యూటీలు, ఒక్కోదానికి ఎంత ఇస్తారు, హాస్టల్‌కు ఎంత కోస్తారు, ఐసీయూలో వెంటిలేటర్ రోగికి ఒక నర్సు ఉంటుందా. ఒకే నర్సుకు అలాంటి రోగులను ముగ్గురిని అప్పగించేచోట పొరపాటు జరిగితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది నువ్వే. పిల్లవాణ్ణి రాత్రిపూట ఎవరు చూస్తారో కూడా ఇప్పుడే మీ అత్తమ్మతో మాట్లాడి తేల్చుకో. దానికి డబ్బు పెట్టాల్సి వస్తే లెక్కలో రాయి.

బాండ్ అడిగితే ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది రాతలో చదివాకే సంతకం పెట్టు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా ఉంచకు. నకళ్లు ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకో. అవి అక్కడుంటే ప్రభుత్వ పోస్టుకు ఎంపికైనా పరిశీలనకు వెళ్లలేవు, విదేశీ దరఖాస్తూ కదలదు.

విదేశాల్లో జర్మనీ అంటే జర్మన్ భాష బీ2 స్థాయిలో, అంటే ధారాళంగా మాట్లాడగలిగేంత రావాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా ప్రయత్నించు. ప్రైవేటు ఏజెంటుకు చట్టప్రకారం సేవారుసుము 30,000, దానిపై జీఎస్టీ, అంతకు మించకూడదు. లక్షలు అడిగినవాడితో ఇక మాట్లాడకు.

ఉద్యోగం మారేటప్పుడు అనుభవ పత్రంలో హోదా, విభాగం, చేరిన, మానిన తేదీలు, పూర్తికాలమన్న మాట, ఆస్పత్రి పడకల సంఖ్య ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకో. తర్వాత తిరిగితే రాసిచ్చేవాళ్లు దొరకరు.

కాలేజీ వాళ్లు ఇచ్చిన ఫీజు కాగితం అడ్వాన్సు కట్టకముందే నాకు పంపు.

పెద్దమ్మ