అమ్మాయి సోల్ ఆల్బం కోసం 401కె డబ్బు తీయొచ్చా?

ప్రశ్న: మేం అట్లాంటాలో ఉంటాం. నాకు 48 ఏళ్లు, మా అమ్మాయికి 24. సోల్ (నల్లజాతి అమెరికన్ల సంగీత శైలి) పాటలు బాగా పాడుతుంది, ఊళ్లో చిన్న చిన్న వేదికల మీద పాడుతోంది. ఏ లేబుల్‌తోనూ (రికార్డింగ్ కంపెనీతోనూ) సంబంధం లేకుండా సొంతంగా పది పాటల ఆల్బం తేవాలని పట్టుదలగా ఉంది. 30 వేల డాలర్లు అవుతుందట. నా 401కె (ఉద్యోగంలో దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) నుంచి తీసి ఇద్దామనుకుంటున్నాను. మా ఆవిడ వద్దంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: 401కె విషయంలో మీ ఆవిడ మాటే నా మాట. ఆల్బం మాత్రం తప్పకుండా రావాలి.

మీరు ఉద్యోగంలో ఉండగా, 59న్నర ఏళ్లు రాకముందు, ఇలాంటి అవసరానికి డబ్బు తీయడానికి చాలా కంపెనీల 401కె ప్లాన్లు ఒప్పుకోవు. ఒప్పుకున్నా 10 శాతం పెనాల్టీ, పైన ఇన్‌కం ట్యాక్స్ పడతాయి. మీరు 22 శాతం స్లాబులో ఉన్నారనుకుంటే, చేతికి 30 వేలు రావడానికి 44 వేలకు పైగా తీయాలి. జార్జియా రాష్ట్ర పన్ను ఇందులో కలపలేదు. ప్లాన్‌లో ఉంటే లోన్ తీసుకోవచ్చు గానీ, ఉద్యోగం పోతే మిగిలిన బాకీ త్వరగా కట్టేయాలి. కట్టలేకపోతే దాన్ని కూడా విత్‌డ్రాయల్‌గానే లెక్కేస్తారు. లేఆఫ్‌ల టెన్షన్ ఉన్న రోజుల్లో ఆ రిస్క్ మీకెందుకు?

ఇక రాబడి. స్ట్రీమింగ్‌లో ఒక్కో ప్లేకి సుమారు 0.3 సెంటు వస్తుందనుకుంటే, 30 వేలు వెనక్కి రావడానికి కోటి ప్లేలు కావాలి. కళాకారులు నేరుగా పాటలు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో 10 డాలర్లకు ఆల్బం అమ్మితే, వాళ్ల కమీషన్, కార్డు ఛార్జీలు పోను 8 డాలర్లు మిగులుతాయనుకోండి. 3,750 మంది కొనాలి. అమ్మాయి ప్రోగ్రాంకి మామూలుగా ఎంతమంది వస్తున్నారో చూసి, ఈ అంకెతో పోల్చి చూడండి.

న్యూ ఆర్లియన్స్ సోల్ గాయకుడు పీజే మోర్టన్ సంగతి మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. పెద్ద లేబుల్‌తో ఒక ఆల్బం చేశాక, 2017లో 'గంబో'ని సొంత లేబుల్ మోర్టన్ రికార్డ్స్ మీద తెచ్చాడు. అది ఉత్తమ ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) ఆల్బం గ్రామీ అవార్డుకి నామినేట్ అయింది. సొంతంగా చేసినా ఆ స్థాయికి వెళ్లొచ్చని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. అయితే అప్పటికే అతను మెరూన్ ఫైవ్ అనే పేరున్న పాప్ బ్యాండులో కీబోర్డ్ వాయిస్తున్నాడు. అంటే బతుకుతెరువు ఆ ఆల్బం అమ్మకాల మీద ఆధారపడి లేదు. అమ్మాయి కూడా చేస్తున్న ఉద్యోగం వదలకుండా ఇది చేయాలని నా కోరిక.

అందుకని పది పాటలు కాదు, ముందు నాలుగు పాటలు చేయమనండి. సోల్‌కి ప్రాణం మనుషులు కలిసి వాయించడంలో ఉంది. డ్రమ్స్, బేస్, ఆర్గాన్ ఒకే గదిలో ఒకేసారి రికార్డ్ చేయాలి. హార్న్స్‌ (ట్రంపెట్, శాక్సోఫోన్ లాంటివి) వాయించేవాళ్లకి, వెనక పాడేవాళ్లకి డబ్బు తగ్గించొద్దు. ముందే బాగా రిహార్సల్ చేసుకుని వెళ్తే తగ్గేది స్టూడియో అద్దె. మొత్తం 10, 12 వేల డాలర్లు దాటకుండా చూసుకోండి. అందులో నాలుగో వంతు విడుదల తర్వాత ప్రచారానికి పక్కన పెట్టండి. చాలామంది మిక్సింగ్ అయ్యేసరికే డబ్బంతా ఖర్చు చేసేసి, పాట జనానికి చేర్చడానికి ఏమీ లేకుండా కూర్చుంటారు. ఆ 12 వేలు మీ సేవింగ్స్ నుంచి, ఆరు నెలల ఇంటి ఖర్చు ముట్టుకోకుండా ఇవ్వగలిగితే ఇవ్వండి. అప్పుగా కాదు, గిఫ్ట్‌గా. 2025 లెక్క ప్రకారం ఒక్కొక్కరు 19 వేల డాలర్ల దాకా గిఫ్ట్ ట్యాక్స్ రిటర్న్ వేసే పనిలేకుండా ఇవ్వొచ్చు.

అన్నిటికంటే ముఖ్యం మాస్టర్ రికార్డింగులు (పాటల అసలు రికార్డింగులు) అమ్మాయి పేరు మీదే ఉండటం. స్టూడియోలో అడుగు పెట్టకముందే ప్రతి వాద్యకారుడితో, ప్రొడ్యూసర్‌తో కాగితం మీద సంతకాలు చేయించుకోవాలి: ఎవరికి ఎంత ఫీజు, పాట రచనలో ఎవరికి ఎంత వాటా అని. స్నేహితులే కదా అని వదిలేస్తే, పాట హిట్ అయిన రోజున గొడవ మొదలవుతుంది. పాత సోల్ పాట ఒకటి కవర్ చేయాలనుకుంటే (తన గొంతుతో మళ్లీ పాడాలనుకుంటే), ఆ రచన మీద వచ్చే రాబడి రాసినవాళ్లకే పోతుందని ఆమెకు తెలిసుండాలి.

విడుదల వారంలోనే సౌండ్ ఎక్స్ఛేంజ్‌లో, ఎంఎల్‌సీలో, ఆస్కాప్ లేదా బీఎంఐలో అమ్మాయి పేరు నమోదు చేయించండి. ఇవి పాటల రాయల్టీలు వసూలు చేసిపెట్టే సంస్థలు. పాటల్ని స్ట్రీమింగ్ సైట్లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ఈ డబ్బులన్నీ వసూలు చేసి పెట్టడు.