డ్యూటీ నుంచి వచ్చిన కోడలు నోరు విప్పదెందుకు?

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లె. మనవణ్ణి చూసుకోవడానికి ఒంగోల్లో కొడుకు దగ్గర ఉంటున్నాను. కోడలు అప్పుడే పుట్టిన పిల్లల వార్డులో స్టాఫ్ నర్సు. డ్యూటీ నుంచి వస్తే మాట్లాడదు, పిల్లాడు పరిగెత్తుకొచ్చినా స్నానం చేసేదాకా ఎత్తుకోదు. పండక్కి నేను వేయించిన మట్టిగాజులు మర్నాడే తీసిపెట్టేసింది. "పసిబిడ్డలకు పాలుపట్టే పనికి ఇంత అలసటేంది" అని మా ఆడపడుచు అంటే నాకూ నిజమేననిపించింది. మీరేమంటారు?
– ఒక అత్త, ఒంగోలు

జవాబు: అమ్మా, మీరు అడిగారు, అదే సంతోషం. చాలా ఇళ్లలో అడగరు, అనేస్తారు. నేను ఈ వార్డుల్లోనే పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

ముందు గాజుల సంగతి. ఆ వార్డులోకి వెళ్లాలంటే గాజులు, ఉంగరాలు, వాచీ తీసేసి మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కోవాలి, ఒక బిడ్డను ముట్టుకుని ఇంకో బిడ్డ దగ్గరికి పోయే ప్రతిసారీ మళ్లీ చేతులు శుభ్రం చేసుకోవాలి. నెల తక్కువ బిడ్డకు గాజు సందులో దాగిన క్రిమి కూడా ప్రాణం మీదికి తెస్తుంది. స్నానం చేశాకే మనవణ్ణి ఎత్తుకోవడం కూడా ఇందుకే, వార్డులో క్రిములు ఇంటికి రాకూడదని.

ఇక పాలుపట్టే పని. కిలో, కిలోంబావు బిడ్డకు చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ కలిపి చేతకావు. అందుకని పొట్టలోకి సన్నటి గొట్టం వేసి, తల్లి పిండి ఇచ్చిన పాలు మిల్లీలీటర్ల లెక్కన రెండు గంటలకోసారి పోస్తారు. ప్రతిసారీ గొట్టం సరైన చోటే ఉందా, పొట్ట ఉబ్బిందా చూసుకోవాలి, ఎంత పట్టిందో రాసుకోవాలి. కాస్త ఎదిగాక ఉగ్గుగిన్నె. ముగ్గురు నలుగురు బిడ్డలకు ఒక నర్సు ఉండాలన్నది లెక్క, కానీ కనిగిరి నుంచి ఒక బిడ్డ, మార్కాపురం నుంచి ఒక బిడ్డ 108లో వస్తూనే ఉంటే ఆ లెక్క ఎక్కడ నిలుస్తుంది?

ఇవన్నీ చేతుల పని. అసలు ఒళ్లు హూనం చేసేది కళ్ల పని. ఆ బిడ్డకు ఏడ్చే ఓపిక కూడా ఉండదు, ఏమైనా మనమే కనిపెట్టాలి. ఊపిరి ఆగితే మానిటర్ మోగుతుంది, అది మోగేలోపే పెదాల రంగు మారడం చూసి అరికాలి మీద వేలితో తట్టాలి, అప్పటికీ ఊపిరి రాకపోతే గాలి నొక్కి పంపే బ్యాగు, మాస్కు అందుకోవాలి. ఆక్సిజన్ తగ్గితే మెదడుకు ముప్పు, ఎక్కువైతే కంటికి ముప్పు, అందుకని ఆక్సిజన్ పెట్టిన బిడ్డకు మానిటర్‌లో రక్తంలోని ఆక్సిజన్ శాతం చూపే అంకె 90కీ 95కీ మధ్య నిలపాలి. మే నెలలో బయట ఒంగోలు మాడిపోతున్నా లోపల బిడ్డ ఒళ్లు 36.5 డిగ్రీల కంటే చల్లబడుతుందేమోనని భయం. మందు లెక్కలో దశాంశ బిందువు ఒక అంకె పక్కకు జరిగితే డోసు పదింతలవుతుంది. సూది గుచ్చాలంటే చిట్టి అరచెయ్యి కింద టార్చి పెడితే ఆ ఎర్రటి వెలుగులో దారప్పోగంత నరం కనపడుతుంది, అందులోకి ఎక్కించాలి. జారిపోతే రెండో చెయ్యి, తర్వాత కాలు. తల్లి అద్దం అవతల నిలబడి చూస్తూ ఉంటుంది.

ఇంత చేసినా ఒక్కోసారి బిడ్డ దక్కదు. గుడ్డలో చుట్టి తల్లి చేతికిచ్చేది నర్సే, ఆ వెంటనే పక్క వార్మర్‌లో (బిడ్డను వెచ్చగా ఉంచే పడక) ఉన్న బిడ్డకు పాల టైమవుతుంది. మీ కోడలు మాట్లాడని రోజు అలాంటి రోజేమో. గుచ్చిగుచ్చి అడక్కండి, అన్నం పెట్టి పక్కన కూర్చోండి చాలు. నైట్ డ్యూటీ చేసొచ్చిన పగలు గది చీకటి చేసి, ఫోన్ మీరు తీసుకుని, పిల్లాణ్ణి బయటికి తీసుకెళ్లండి. మీ ఆడపడుచుకు జవాబు మీరే చెప్పండి, కోడలితో చెప్పించొద్దు. వారాల తరబడి నిద్రపట్టక, తిండి సయించక, ఊరికే ఏడుస్తుంటే మాత్రం 14416కి ఫోన్ చేయించండి, అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) ఆఖరి సంవత్సరం చదువుతున్నా మేడం. పసిపిల్లల వార్డులోనే చేరాలని ఉంది, టెన్షన్‌గానూ ఉంది.
– ఒక విద్యార్థిని, పొదిలి

జవాబు: చేరు తల్లీ. పుట్టగానే ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలోనే ఊపిరి అందించడం బొమ్మ మీద చెయ్యి తిరిగేదాకా ప్రాక్టీస్ చెయ్యి. బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా తల్లి గుండెలకు ఆనించి పెట్టే కంగారూ పద్ధతి బాగా నేర్చుకో, నెల తక్కువ బిడ్డకు పుట్టిన వెంటనే అది మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. చొక్కా విప్పి బిడ్డను ఆనించుకోమంటే తండ్రులు సిగ్గుపడతారు, ఒప్పించే ఓర్పు నీకుండాలి. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు నైట్‌లో ఒక నర్సుకు ఎంతమంది బిడ్డలో అడుగు, కొత్తగా చేరినవాళ్లను మొదట్లో సీనియర్ పక్కన వేస్తారో లేదో కూడా అడుగు. రాగానే ఒంటరిగా నైట్ డ్యూటీ వేస్తామంటే అక్కడ మాత్రం వద్దు.